నూరో అడుగు

గీతలంటే ప్రాణం పెట్టే రాజొకడు ఒకానొక రాజ్యంలో ఉండేవాడు. పేరు ప్రచండసేనుడు. కోట నుంచి కోవెల దాకా రాజవీధి నడిమధ్య సున్నంతో గీత గీయించి, పోయే బండ్లు ఎడమన, వచ్చే బండ్లు కుడిన నడవాలని చాటింపు వేయించాడు. గీత దాటిన బండికి చక్రం ఊడదీయడమే శిక్ష.

బండ్లు బారులు తీరాయి. ఊరికి మేలే జరిగింది. రాజుగారికి మాత్రం కళ్ళు నెత్తికెక్కాయి.

వీధి కావలి పైడయ్యది. ఒకనాడు కుమ్మరి ఎర్రన్న బండి గీత దాటి దూసుకొచ్చింది. పైడయ్య అడ్డం పడి లోపలికి తొంగిచూశాడు. ఎర్రన్న కూతురు నొప్పులు పడుతోంది. మంత్రసాని ఇల్లు వీధి చివర. ఎర్రన్న నడవాల్సిన వైపు గడ్డిబండ్లు కదలకుండా నిలిచిపోయాయి.

"పో అన్నా, పో!" అంటూ పైడయ్యే ఎద్దుల్ని అదిలించాడు.

సంగతి సభకెక్కింది.

"తల్లీ బిడ్డా క్షేమం ప్రభూ!" అన్నాడు పైడయ్య చేతులు కట్టుకుని.

"నేనడిగింది బిడ్డ సంగతా, గీత సంగతా? కావలివాడికి చేతులుంటే చాలు, కళ్ళెందుకు? రథోత్సవం కాగానే వీణ్ణి ఊరు వెళ్ళగొట్టండి!"

అప్పటిదాకా ఆగడానికీ కారణముంది. రథం కదిలేటప్పుడు చక్రం కింద చెక్క వేసి దారి మళ్ళించే సేవ తరతరాలుగా పైడయ్య ఇంటివాళ్ళదే. పుట్టి బుద్ధెరిగాక అతను మరో ఊరి పొలిమేర చూడలేదు. పాపం, ఇప్పుడెక్కడికి పోతాడు?

కొలువులో బుచ్చన్న అనే చతురుడున్నాడు. అతను లేచాడు.

"దివ్యంగా సెలవిచ్చారు ప్రభూ! ఆ రథం చెక్క కూడా వీడు తన కంటికి తోచినట్టే వేస్తున్నాడు. దానికీ ఒక శాసనం ఉండొద్దూ?"

రాజు మీసం దువ్వాడు. "నూరడుగులకు ఒక చెక్క. ముందు వేయరాదు, వెనక వేయరాదు!"

బయటికి రాగానే పైడయ్య లబలబలాడాడు. "కొంప ముంచారు కదయ్యా! రథం శాసనం వింటుందా?"

"వినదు. నువ్వు మాత్రం అడుగులు లెక్కపెట్టు. రాజుగారు చూడమన్నాక చూడు," అన్నాడు బుచ్చన్న.

తాళ్ళు లాగేవాళ్ళకు మెల్లగా లాగమనీ, రాజుగారు కూర్చుని ఉత్సవం చూసే పందిరి దగ్గర జనాన్ని చేరనివ్వొద్దనీ అతను ముందే చెప్పి ఉంచాడు.

ఉత్సవం నాడు రథం కదిలింది. తాటిచెట్టంత ఎత్తు, మనిషిని మించిన చక్రాలు. ఏటా చూసేదే అయినా పైడయ్యకు ఒళ్ళు గగుర్పొడిచింది. చెక్క చంకన పెట్టుకుని పక్కనే నడుస్తూ లెక్కపెట్టసాగాడు. నలభై అడుగులకు రథం ఓరగా తిరిగింది. అరవైకి తెల్లగీత చక్రం కింద నలిగింది. తొంభైకి ఎదురుగా రాజుగారి పందిరి!

"ఒరేయ్, చెక్క వెయ్యరా!" రాజు కాళ్ళు పైకి ముడుచుకుని కేకేశాడు.

"తొంభై రెండు, ప్రభూ. ఇంకా ఎనిమిదున్నాయి!"

"ఎనిమిదేమిట్రా! నీకు కళ్ళు లేవూ? చూసి వెయ్యి!"

ఆ మాట కోసమే పైడయ్య ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు. ఒక్క చూపు చూసి, చెక్క తోశాడు. చక్రం కిర్రుమని మళ్ళింది. రథం పందిరి గుంజకు జానెడు దూరంలో ఆగింది. వేయిమంది చేతులు జోడించారు. దేవుడికో, పైడయ్యకో వాళ్ళకే తెలియలేదు.

బుచ్చన్న మెల్లగా అన్నాడు: "ప్రభూ, ఇప్పుడు మిమ్మల్ని కాచిన కళ్ళే ఆనాడు ఎర్రన్న బండిలోకి చూశాయి."

రాజు దిగి వచ్చి ఆ జానెడు సందును చేత్తో కొలిచి చూశాడు. తర్వాత పకపకా నవ్వి, తన శాలువ తీసి బుచ్చన్నకు కప్పాడు. పైడయ్య చేతికి వెండి కడియం తొడిగి, "గీత నాది, చూపు నీది. ఊళ్ళోనే ఉండు," అన్నాడు.

మూడోనాడు రాజుగారి బావమరిది సభలోకి కాలినడకన వచ్చిపడ్డాడు. "బావగారూ! పైడయ్య నా బండి చక్రం ఊడదీశాడు!"

"లోపలికి చూశావా?" అని రాజు పైడయ్యను అడిగాడు.

"చూశాను ప్రభూ. ఈయనగారూ, ఒక పందెం కోడీ ఉన్నారు. ఇద్దరూ క్షేమమే."

ఈసారి రాజు నవ్విన నవ్వు కోవెల దాకా వినిపించిందట.