చంద్రి మెడ మీద వాపు లేదు

దస్తగిరికి మూడు రోజులుగా కంటిమీద కునుకు లేదు.

ఖాసిం బాబా అనే ఫకీరు ఉండే తకియాలో ఐదు ఆవులున్నాయి. వాటి పాలు ఊళ్ళో తల్లిలేని పిల్లలకీ, మంచాన పడ్డవాళ్ళకీ పోస్తారు. అది బాబా పెట్టిన పద్ధతి. ఆవుల్ని చూసుకునేది శిష్యుడు దస్తగిరి.

మొన్న పశువుల డాక్టరమ్మ వచ్చింది. ఒక్కో ఆవు మెడ మీద కాస్త వెంట్రుకలు గొరిగి, చర్మంలోకి సన్నటి సూది వేసింది.

"ఇది రోగానికి మందు కాదు. క్షయ పురుగు ముందే ఒంట్లో దూరి ఉంటే ఒళ్ళు ఊరుకోదు, ఎగబడుతుంది. సూది వేసినచోట వాపొస్తుంది. మూడో రోజు వచ్చి చూస్తా. అందాకా ఎవరికీ పచ్చిపాలు పోయొద్దు" అని చెప్పి పోయింది.

ఇంక చూసుకోండి వీడి అవస్థ! గడియకోసారి కొట్టంలోకి పరుగు. ఐదు మెడలూ తడమడం, మళ్ళీ తడమడం. నమాజులో సజ్దాకి వంగినా వేళ్ళ కింద ఆవు మెడే ఉన్నట్టు ఉండేది.

మర్నాడు తెల్లారేసరికి రెండు ఆవులకి నిమ్మకాయంత వాపు. వాటి దగ్గర కూర్చుని ఏడ్చాడు. నున్నగా మెరిసే ఇంకో రెండింటికి ఏమీ లేదు. ఐదోది చంద్రి, దానికీ లేదు. చంద్రి తల్లి చచ్చిపోతే వీడే సీసాతో పాలు పట్టి పెంచాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి డొక్కలు తేలి, దగ్గుతూ ఉంది. అయితేనేం, వాపు లేదు కదా! దాని మెడ కావలించుకుని అల్లాకి వెయ్యి దండాలు పెట్టాడు.

మూడో రోజు పొద్దున్నే చంద్రిని పిండి, నురుగు పాలు గ్లాసు నిండా పట్టుకుని బయల్దేరాడు. గుమ్మంలో బాబా.

"ఎవురికిరా?"

"మాబున్ని మనవరాలికి బాబా. కాచిన పాలు కక్కేస్తాందంట. ఆరు నెలల బిడ్డ, తల్లి కూడా లేదు. చంద్రికి వాపు లేదు గదా, దీని పాలకేం భయం?"

బాబా వాదించలేదు. గడ్డివాములోంచి ఒక పోచ లాగి, మొదటి ఆవు మెడ మీద రాశాడు. చర్మం జలదరించింది. రెండోది తోకతో ఛెళ్ళున కొట్టింది. మూడోది తల విదిల్చింది. నాలుగోది కాలెత్తింది, బాబా వెనక్కి దూకి "అబ్బో, నీ పొగరు చల్లగుండా!" అని నవ్వాడు.

చంద్రి మెడ మీద రాశాడు. చెవిలో తిప్పాడు. కంటి పక్కన ఆనించాడు. చంద్రి రెప్ప కూడా ఆడించలేదు. దాని ముక్కు మీద ఈగ వాలింది. వాలినది లేవలేదు.

"నెమ్మదైంది బాబా అది" అన్నాడు దస్తగిరి.

"కేకలు వినపడలేదని దొంగ రాలేదనుకుంటివా?"

దస్తగిరి చంద్రి డొక్కల వంక చూశాడు. అప్పుడే అది దగ్గింది, తల వేలాడేసి, చాలాసేపు.

"రోగం ముదిరి దీనికి ఎగబడే ఓపిక గూడా లేదా బాబా?"

బాబా చంద్రి మెడ నిమిరాడు.

దస్తగిరి గ్లాసులో పాలు నేల మీద కుమ్మరించాడు. "నిన్న గూడా పోసినా బాబా. పచ్చివే. నా చేతుల్తోనే..."

ఎన్నడూ తొందరపడి అడుగెయ్యని మనిషి ఖాసిం బాబా. చెప్పులు కూడా తొడక్కుండా మాబున్ని ఇంటికి పరుగు తీశాడు. వెనక దస్తగిరి, వాడి వెనక వాడి గుండె చప్పుడు.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉయ్యాల్లో పిల్ల కదలడం లేదు. మాబున్ని "ష్, ఇప్పుడే పడుకునింది. పొద్దుట్నుంచి సద్దే లేదు, బంగారు తల్లి" అంది.

ఆ మాటకి దస్తగిరి గడప మీదే కూలబడ్డాడు.

బాబా చేతిలో గడ్డిపోచ ఇంకా ఉంది. వంగి పిల్ల అరికాలి మీద రాశాడు.

ఒక క్షణం ఏమీ లేదు.

తర్వాత కాలు ఝాడించి, మొహం ఎర్రగా చేసుకుని, పైకప్పు లేచిపోయేలా ఏడుపు అందుకుంది పిల్ల.

"అయ్యో, ఎందుకు లేపితివి బాబా?" అని మాబున్ని పిల్లని ఎత్తుకుని ఊరుకోబెట్టబోయింది.

బాబా చెమట తుడుచుకున్నాడు. "నిన్న పిల్ల తాగింది రోగమున్న ఆవు పాలు. డాక్టరు దగ్గరికి పోదాం పద. అందాకా ఊరుకోబెట్టొద్దు తల్లీ" అన్నాడు. "అరవనీ. బాగా అరవనీ."