మంద కట్టని చేను

అనగా అనగా ఒక మెట్ట ఊరు. ఆ ఊళ్ళో ఓబులేసని ఒక కుర్రాడు. మొదట్లో వాడికి ఉన్నదల్లా రెండెకరాల చేను, రెండు బస్తాల భాస్వరం ఎరువు, బోలెడు హుషారు. లెక్కల్లో మహా చురుకు. వేళ్ళు మడవకుండానే నోటితో చెప్పేసేవాడు.

ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది, చిట్టితల్లీ. కోతలయ్యాక, ఖాళీ చేలో రాత్రిళ్ళు గొర్రెల మందను కట్టించుకునేవాళ్ళు. గొర్రెలు రాత్రంతా పెంటికలు వేసేవి. చేనుకు అదే ఎరువు. కాపరి బీరప్పకు గింజలు కొలిచి ఇచ్చేవాళ్ళు.

ఆ ఏడు బీరప్ప వచ్చి, "అల్లుడూ, మంద తోలమంటావా?" అన్నాడు.

"నీ గొర్రెలు నెలంతా కూర్చుని వేసేది, మామా, నా బస్తా ఒక్క పూటలో వేస్తుంది. కంపు కూడా ఉండదు."

"మరి నీ బస్తా పిల్లల్ని పెడుతుందా, అల్లుడూ?" అని నవ్వి, బీరప్ప మందను పక్క చేలోకి తోలుకుపోయాడు.

ఓబులేసు ఎకరానికి ఒక బస్తా చల్లాడు. మొక్కజొన్న విరగపండింది. అప్పుడు లెక్క వేశాడు. ఒకటికి ఇంతైతే, రెండుకు దీనికి రెట్టింపు.

రెండో ఏడు ఎకరానికి రెండు చల్లాడు. పంట మాత్రం పెరగలేదు. మట్టి పరీక్ష చేసే అమ్మాయి వచ్చి, "అన్నా, నీ చేలో భాస్వరం నిండిపోయింది. కొన్నేళ్ళు వెయ్యొద్దు" అంది.

"గాదె నిండితే ఎవరైనా ఏడుస్తారా, చెల్లెమ్మా?" అన్నాడు వాడు.

మూడో ఏడు ఎకరానికి మూడు చల్లాడు. అప్పుడు ఆకుల మీద తెల్లచారలు లేచాయి. భాస్వరం మరీ ఎక్కువైతే మొక్కకు జింకు అందదు. అంత తిండి పెట్టిన నేలలో మొక్క ఆకలితో నిలబడింది.

ఆ తర్వాత పెద్ద వాన కురిసింది. మట్టితోపాటు భాస్వరం కొట్టుకుపోయి, చేను కింది కుంటలో చేరింది. వాన వెలిసి ఎండలు కాశాయి. అప్పుడు కుంట మీద పాచి పేరుకుంది, పచ్చరంగు డబ్బా ఒలకబోసినట్టు. అలాంటి పాచిలో ఒక్కోసారి విషం ఉంటుంది. బీరప్పకు ఆ సంగతి తెలీదు. తెలిసినా, ఆ చుట్టుపక్కల మందకు వేరే నీళ్ళు లేవు.

పొద్దున తాగిన గొర్రెలు సాయంత్రానికి వణుకుతూ పడిపోయాయి. తల్లులు పోయాయి. పిల్లలు పోయాయి. గంట కట్టిన పొట్టేలు కూడా పోయింది.

బీరప్ప తిట్టలేదు. "పూడ్చడానికి చోటియ్యి, అల్లుడూ" అన్నాడు, అంతే. ఇద్దరూ కలిసి ఓబులేసు చేను ఎగువ మూలన గుంత తీశారు.

మరుసటి ఏడు ఓబులేసు ఒక్క గింజ ఎరువు వెయ్యలేదు. అయినా చేనంతా తెల్లచారలే. భూమి మింగింది అంత తొందరగా కక్కదు కదా. ఎగువ మూలన మాత్రం, గొర్రెలను పూడ్చిన చోట, మొక్కజొన్న నల్లగా మనిషెత్తున లేచింది.

వాళ్ళమ్మ గట్టు మీద నిలబడి చూసింది. "మొత్తానికి మామ చేత మంద కట్టించుకున్నావు కదరా" అంది.

కోతల వేళకు ఓబులేసు గంప తెచ్చాడు. ఆ మూలన పండిన కంకులన్నీ విరిచి గంపకెత్తాడు. వాటిలో ఒక్కటీ ఇంట్లోకి తీసుకుపోలేదు. గంప నెత్తిన పెట్టుకుని బీరప్ప ఇంటికి నడిచాడు.

బీరప్ప ఇప్పుడు ఇటుకబట్టీలో కూలి. అప్పుడే వచ్చినట్టున్నాడు, లోపల కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తోంది. ఓబులేసు గంప దించాడు. మామా అని పిలవడానికి తనకింకా హక్కుందో లేదో తెలియలేదు. అయినా పిలుద్దామని నోరు తెరిచాడు.

అంతే తల్లీ. ఆ తర్వాత ఏమైందని అడక్కు.

కథేమో కంచికి,
మంద రాదు ఇంటికి,
నిద్దర రావే కంటికి.