కోసిన చేతి పేరు చెప్పుకొను నోము

“నూనె పీపా మీద మన ఇంటి పేరు చాలును” అని గురునాథయ్యయు, “అది నిజము కాదు గదా” అని ఆయన భార్య తాయారమ్మయు మూడు దినములుగా వాదించుకొనుచుండిరి. అత్తగారు ఒత్తులు చేయుచు నడుమ కూర్చుండి, “వాసన చూచువారికి పేరెందుకే, ముక్కు చాలదా?” అని కోడలిని దెప్పెను.

అక్షతలు చేత పట్టి వినుడు. ఈ ఇంటి తగవును పూర్వము ఒక ముని మరియొక మునికి చెప్పెను. పరుల కష్టమును తనదని చెప్పుకొని, పిదప తలయెత్తలేకపోయిన గృహస్థునకు ఏ నోము తగునని చిన్నముని అడుగగా, పెద్దముని ఇట్లు చెప్పసాగెను.

గురునాథయ్య రేవుపట్టణమున నిమ్మగడ్డి నూనె వర్తకుడు. కొండవారు గడ్డి కోసి, బట్టీలలో ఆవిరి పట్టి నూనె దింపుదురు. ఆయన ఐదు కొండల నూనెను ఒక్క గంగాళమున కలిపి, తన సొంత తోటదని చెప్పి ఓడకెక్కించును. అన్నిటిలో మేలైనది నడిమి కొండ మీద సుకిరి అను ఆమె దింపు నూనె. ద్వీపాంతరమున కొనువాడు, అది ఏ కొండ గడ్డియో, ఎవరు కోసిరో, ఎవరి బట్టీలో దిగినదో వ్రాసి పంపుమని కబురు పెట్టెను. వ్రాసినచో అతడు తిన్నగా కొండకే పోవునని గురునాథయ్య భయము. కావున భార్య మాట త్రోసి తన పేరే వేయించెను.

ఆ యేడు ఒక బట్టీ అడుగంటి నూనెకు మాడువాసన పట్టెను. అన్నియు కలిపినందున ఆ నూనె ఎవరిదో తెలియదాయెను. ఓడెడు సరకు తిరిగి వచ్చెను. ఎవరినో ఒకరిని అనవలెను గనుక ఆయన సుకిరిని అనెను. ఆమె వద్ద కొనుట మానెను. ఆమె బట్టీ చల్లారెను. ఆమె పిల్లలు అంబలి పలుచన చేసికొని త్రాగిరి.

అంతట కొనువాడు తోటను, కోయువారిని కన్నులార చూడవలెనని తానే బయలుదేరెను. వర్తకునికి తోట లేదు, బట్టీ లేదు, దానిని రాజేయుట తెలిసినవారును లేరు. ఆయన ఊరి చివర ఒక పొలము అడిగి పుచ్చుకొని, గడ్డి తెచ్చి బట్టీ రాజేసి పోవలెనని సుకిరికే కబురంపెను. తాయారమ్మకు కొండచీర కట్టించి, చేతికి కొడవలి ఇచ్చి ముందు నిలిపెను. పట్టుచీర కంటె ఇదే కుదిరినదని అత్తగారు నవ్వెను. తాయారమ్మ వలదనలేదు. మూడు దినములు వాదించిన మనిషి ఆనాడు కొడవలి పుచ్చుకొనెను.

సుకిరి గడ్డిమోపు దించి, దగ్గరకు వచ్చి, తాయారమ్మ చేతిలోని కొడవలిని మెల్లగా తిప్పి సరిగా పట్టించెను.

“అలగ పట్టకమ్మా, వేలు తెగిపోద్ది” అనెను. పిదప వెనుకకు పోయి నిలిచెను.

కొనువాడు వచ్చి తాయారమ్మకు నమస్కరించెను. ఆమె ఆ నమస్కారమును పుచ్చుకొనెను. ఆవిరి ఎంతసేపు పట్టవలెనని అతడు అడిగెను. ఆమె సుకిరి వైపు చూచెను. అతడును అటే చూచెను. గడ్డి అంచులకు చీరుకొనిపోయిన సుకిరి చేతులను చూచి, మంచినీరైనను త్రాగక వెడలిపోయెను. అటుపిమ్మట ఆ ఇంటికి ఓడ కబురు రాలేదు. వాకిట బండ్లు ఆగుట మానెను. గంగాళము బూజు పట్టెను.

ఒక శుక్రవారము వనలక్ష్మి ముసలమ్మ రూపున గడపలో నిలిచి, అన్నము సయించక కూర్చున్న తాయారమ్మకు నోము చెప్పెను. ప్రతి శుక్రవారము పచ్చగడ్డి పరచి కలశము నిలుపవలెను. ఇంట వాడు ఉప్పు, బట్ట, నూనె ఎవరి చేతిమీదుగా వచ్చినవో వారి పేర్లు దీపము ముందు పలుకవలెను. పేరు తెలియని వస్తువును ఆ పూట ముట్టరాదు, పోయి తెలిసికొని రావలెను. వర్తకులు, వారి ఇల్లాండ్రు, ఒకరు చేసినది వేరొకరికి అమ్ముకొను వారెల్లరు దీనిని పట్టవలెను. పట్టినవారికి పోయిన బేరము తిరిగి వచ్చును, చెప్పిన మాట చెల్లును, రాత్రి నిద్ర పట్టును.

దంపతులు నోము పట్టిరి. మొదటి వారము ఉప్పు పేరు తెలియక ఇల్లంతయు చప్పిడి తినెను. అత్తగారు సణుగుచు ఉప్పు పండించు అళమునకు పోయి, ఉప్పు తీయువాని పేరు, వాని తల్లి పేరు కూడ అడిగి వచ్చెను. ఏ కొండ నూనెను ఆ కొండ పీపాలోనే పోసి, కోసినవారి పేరు, బట్టీ పేరు వ్రాసి పంపిరి. సుకిరి బట్టీ మరల రాజుకొనెను. కొనువాడు చదివి, మరల ఓడ పంపెను. వర్తకుడు భయపడినట్లు అతడు తిన్నగా కొండకు పోలేదు. కలిమి నిలిచెను.

అయినను దీపము ముందు సుకిరి పేరు వచ్చినప్పుడెల్ల గురునాథయ్య గొంతు తగ్గించుచుండెను. తాయారమ్మయు అట్లే తగ్గించుచుండెను.

ఉద్యాపన నాడు అందరును విస్తళ్ల ముందు కూర్చుండిరి. ఆయన అన్నము కలుపలేదు. తల వంచుకొని, పక్కవారికి మాత్రమే వినబడునంత మెల్లగా, అందరి నుద్దేశించి చెప్పెను:

“రేపు తెల్లవారి నేను నడిమి కొండకు పోవుచున్నాను. మాడినది సుకిరి నూనె యని నేను అన్నది అబద్ధము. దానిని ఆమె ఊరివారందరి ఎదుట చెప్పెదను. తాయారూ, నీవు వత్తువో రావో నీ ఇష్టము. అమ్మా, నీవు మాత్రము నా తరపున ఏమియు సర్దిచెప్పవద్దు.”