గొడుగు బుడ్డోడికి బారసాల

మా వీధిలో తెలివైనవాళ్ళెవరని ఎవరైనా అడిగితే గవర్రాజు ఇంట్లో ముగ్గురూ ఒకేసారి చెయ్యెత్తుతారు. అడగకపోయినా ఎత్తుతారు. గవర్రాజు పెద్దవాడు, కొండబాబు తమ్ముడు, అచ్చియ్యమ్మ చెల్లెలు. ముగ్గురికీ యాభై దగ్గర పడింది. తెలివి ఖర్చవుతుందని పెళ్ళిళ్ళు కూడా చేసుకోలేదు.

వాళ్ళకి ఏళ్ళ తరబడి ఒకటే దిగులు. ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం వీడియోగేమ్ ఆడుతుంటే టీవీ కాలిపోయింది. అప్పటికి ఆటలో పసుపు గొడుగు బుడ్డోడు ఆఖరి గొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. గొయ్యి అవతల వాడి ఇల్లు. "నిన్ను ఇంటికి చేర్చే పూచీ మాది" అని అచ్చియ్యమ్మ ఆ రోజే మాటిచ్చింది. అప్పటి నుంచి వానొచ్చినప్పుడల్లా, "పాపం, ఆ గొయ్యి గట్టున ఎలా ఉన్నాడో" అనేది.

మొన్నామధ్య మెకానిక్ జిలానీ ఆ లావుపాటి టీవీనీ, ఆట డబ్బానీ బాగుచేసి తెచ్చాడు. "ఈ ఆట ఇప్పుడు ఫోన్‌లోనే వస్తుంది కదండీ" అన్నాడు.

"ఫోన్‌లో ఉన్నది వేరే అబ్బాయి. మావాడు ఈ క్యాసెట్‌లో ఉన్నాడు" అన్నాడు గవర్రాజు.

జిలానీ మూడు మాటలు చెప్పాడు. ఆట మధ్యలో కట్టెయ్యకూడదు, కడితే మొదటికొస్తుంది. టీవీ వేడెక్కితే గాలి తగలనివ్వాలి. బుడ్డోడికి మూడు ప్రాణాలు.

ఆట పెట్టారు. బుడ్డోడు మొదట్లో నిలబడి ఉన్నాడు. "చూశావా అన్నయ్యా, మనల్ని వెతుక్కుంటూ ఇంత దూరం వెనక్కి నడిచొచ్చాడు" అంది అచ్చియ్యమ్మ, కళ్ళొత్తుకుంటూ. అది చూసి గవర్రాజు కళ్ళలోనూ నీళ్ళు తిరిగాయి. అంతే, బుడ్డోడు మొదటి బావిలో పడ్డాడు. ఒక ప్రాణం పోయింది.

ఇంకేముంది, ఇంటిల్లిపాదికీ మైల. పాజ్ మీట నొక్కి లెక్క వేశారు.

"మూడో వంతు చచ్చాడు. పదకొండు రోజుల్లో మూడో వంతు ఎంత?" అన్నాడు గవర్రాజు.

"మూడు రోజుల పదహారు గంటలు" అన్నాడు కొండబాబు. లెక్కలో మాత్రం వాణ్ణి తప్పు పట్టలేం.

అన్ని గంటలూ తాలింపు లేని పప్పు తిన్నారు. టీవీ కట్టలేదు, కట్టకూడదు కదా. అది పెనంలా కాలింది. గాలి తగలాలని వైరు సాగదీసి అరుగు మీదికి మోశారు. మైల తీరి ఆట మళ్ళీ మొదలుపెట్టేసరికి తెరమీద ఎండ. "ఎండ పడనివ్వకురా" అన్నాడు అన్న. అంతే, తమ్ముడు టీవీ మొత్తానికి దుప్పటి కప్పాడు. దుప్పటి వంక చూస్తూ గవర్రాజు చాలాసేపు బాగానే ఆడాడు. దుప్పటి తీస్తే రెండో ప్రాణం లేదు.

మళ్ళీ మూడు రోజుల పదహారు గంటలు. మళ్ళీ చప్పిడి పప్పు.

ఆఖరి ప్రాణంతో మాత్రం గవర్రాజు నిజంగానే బాగా ఆడాడు, అబద్ధమెందుకు. బావులు దాటించాడు, తేళ్ళు దాటించాడు, ఆఖరి గొయ్యి దాకా తెచ్చాడు. అవతల బుడ్డోడి ఇల్లు, పొగగొట్టంలోంచి పొగ. అక్కడ గవర్రాజు మీట మీంచి వేలు తీసేశాడు.

"ఒక్క ప్రాణం పెట్టుకుని ఎవడైనా దూకుతాడా?" అన్నాడు.

"మనం పంటకాలవలు దూకుతున్నామా? తాటిపట్టె వేసుకుని నడుస్తున్నాం" అంది అచ్చియ్యమ్మ.

చీపురులోంచి నాలుగు ఈనెలు తీసి, అన్నం మెతుకులతో టీవీ అద్దం మీద గోతికి అడ్డంగా అంటించింది. వంతెన బలంగా ఉందో లేదో అని కొండబాబు వేలితో నొక్కి చూశాడు. ఉంది.

"ఇంక నడువు నాయనా" అంది ఆవిడ.

బుడ్డోడు నడిచాడు. పడ్డాడు.

ముగ్గురూ గొల్లుమన్నారు. ఆ గోలకి నేనూ వెళ్ళాను, జిలానీ కూడా వచ్చాడు. ఇంతలో టీవీలో పాట మొదలైంది. పసుపు గొడుగు పట్టుకుని బుడ్డోడు మొదట్లో నిలబడ్డాడు.

"పుట్టాడన్నయ్యా" అంది అచ్చియ్యమ్మ.

"ఎక్కడ?"

"మనింట్లోనే."

"అయితే ఇల్లు చేరినట్టే కదే."

"ఆట మళ్ళీ మొదలైందండీ, అంతే" అన్నాడు జిలానీ.

"పుట్టడమంటే అదే కదయ్యా" అన్నాడు గవర్రాజు.

పదకొండో రోజున బారసాలకి వీధంతా పిలిచారు. దూలానికి చీర ఉయ్యాల కట్టి, టీవీని ఎత్తి అందులో పడుకోబెట్టారు. వైరు అందలేదు. అచ్చియ్యమ్మ ప్లగ్గు పీకింది. తెర నల్లబడింది.

"ష్, పడుకున్నాడు" అంది, అద్దం మీద కాటుక చుక్క పెడుతూ.

మేమంతా చప్పుడు చెయ్యకుండా బూరెలు తిని వచ్చేశాం. ఇవాళ్టికి పద్నాలుగు రోజులైంది. లేపితే ఏడుస్తాడని వాళ్ళింకా ప్లగ్గు పెట్టలేదు.