గవ్వలపేట ఓట్ల పెట్టె

పరాంకుశం మాష్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా పెద్ద పెద్ద మాటలతో ప్రశ్న వేస్తే ఆయన జవాబు చెప్పేవారు కాదు. "ఇదే ప్రశ్న మీ అమ్మనడిగేటట్టు మళ్ళీ అడుగు" అనేవారు. విజయనగరంలో ఆయన ఇంటి వరండాలో ఆదివారం పొద్దున్న పోగయ్యే మా ఎనిమిది మంది ప్రశ్నల్లో, ఆ మాట తర్వాత కూడా మిగిలినవి చాలా తక్కువ.

ఒక ఆదివారం తారకేశం వంతు వచ్చింది. అతను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్నాడు. "పాశ్చాత్య సంస్కృతి ప్రపంచవ్యాప్తం కావడానికీ, ప్రజాస్వామ్య భవిష్యత్తుకూ గల సంబంధం..." అని మొదలుపెట్టగానే మాష్టారు కళ్ళు మూసుకున్నారు. తారకేశం ఆగిపోయాడు. కాసేపు తడుముకుని మళ్ళీ అడిగాడు.

"లోకమంతా వాళ్ళ బట్టలే కట్టుకుంటోంది, వాళ్ళ తిండే తింటోంది మాష్టారూ. ఓటు కూడా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే అంటారు. ఆ మోజు పెరిగితే ఇదీ బలపడుతుందా? ఆ మోజు వద్దనుకుంటే దీన్నీ వదులుకోవాలా?"

"ఇప్పుడు అర్థమైంది" అన్నారు మాష్టారు. అర్థమైనందుకు సంతోషించినట్టు మాత్రం కనిపించలేదు. "గవ్వలపేటలో జరిగింది చెప్తాను. మధ్యలో పుస్తకాల పేర్లు ఎత్తకు."

ఆయన చెప్పింది ఇది.

గవ్వలపేట సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. మాష్టారు అప్పట్లో పక్క ఊరి హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెప్పేవారు. గవ్వలపేటలో మత్స్యకారుల సంఘం ఒకటి ఉంది. పడవలు ఎక్కడ ఆపాలి, చేపలు ఎవరు ఎక్కడ ఎండబెట్టుకోవాలి, తుఫాను వచ్చినప్పుడు బియ్యం ముందు ఎవరికి అందాలి, అన్నీ సంఘమే తేల్చేది. అంతకుముందు ఈ పని కులపెద్దలది. ఐదుగురు మగవాళ్ళు కూర్చుని చెప్పేవారు. ఆడవాళ్ళు ఆ చోటికి రాకూడదు. సంఘం వచ్చాక ఆడవాళ్ళూ సభ్యులయ్యారు. మూడేళ్ళకొకసారి చీటీ మీద ముద్ర వేసి, మడిచి, రేకు పెట్టెలో వేయడం మొదలైంది. బయటి మనిషి కనక ఆ ఎన్నిక జరిపించే పని మాష్టారికి అప్పజెప్పారు.

ఆ సంఘానికి దానయ్య అధ్యక్షుడు. నలభై ఏళ్ళవాడు, మంచి మాటకారి. ఊరి కుర్రాళ్ళు మోకాళ్ళ దగ్గర చిరిగిన జీన్సులు వేసుకుని తిరగడం, పుట్టినరోజుకి కేకు మొహాలకి పులుముకోవడం, అమ్మవారి జాతరలో డప్పులు మానిపించి డీజే పెట్టడం చూసి పెద్దవాళ్ళకు ఒళ్ళు మండుతున్న రోజులవి. ఊరికి తెల్లోళ్ళ తెగులు పట్టింది అన్నాడు దానయ్య. కేకు కోయకూడదన్నాడు. డీజే మోగకూడదన్నాడు. జీన్సుతో సంఘం గుమ్మం ఎక్కకూడదన్నాడు. పెద్దవాళ్ళు మెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే, డీజే ఆగినందుకు మాష్టారికి కూడా ప్రాణం హాయిగానే ఉంది.

మూడేళ్ళు నిండాయి. ఎన్నిక తేదీ నిర్ణయించడానికి ఒక రోజు పొద్దున్న సభ్యులందరినీ పిలిచారు. మాష్టారు పేర్ల జాబితా పట్టుకుని వెళ్ళారు. దానయ్య అంచు పంచె కట్టి, కండువా వేసుకుని, మైకు ముందు నిలబడ్డాడు.

"కేకు మనది కాదు, మానేశాం. డీజే మనది కాదు, మానేశాం. మరి ఈ ఓటు మనదా? మన తాతలు ఓట్లేశారా? పెద్దలు కూర్చుని చెప్తే ఊరు వినేది. ఈ పెట్టె వచ్చాకే అన్నదమ్ములు విడిపోయారు. ఇదీ తెల్లోళ్ళ సరుకే. దీన్నీ తీసేద్దాం. ఐదుగురు పెద్దల పద్ధతే మళ్ళీ పెట్టుకుందాం."

ఆ ఐదుగురిలో మొదటివాడు ఎవరని ఎవరూ అడగలేదు. ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాష్టారు కుర్రాళ్ళవైపు చూశారు. ముప్ఫై మంది దాకా గుమ్మం బయట నిలబడి ఉన్నారు, అందరూ జీన్సుల్లోనే. ఒకడి చొక్కా మీద, స్వేచ్ఛ అని అర్థమిచ్చే ఇంగ్లీషు మాట గుండెకి అడ్డంగా రాసి ఉంది. మూడేళ్ళుగా దానయ్యను తిట్టుకుంటున్నవాళ్ళు కదా, ఒక్కడైనా నోరు విప్పుతాడని ఆయన ఆశ. వాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. ఆయన ఉండబట్టలేక బయటికి వెళ్ళి, "ఏరా, ఒక్క మాటైనా అనరా?" అని అడిగారు.

"ఎవుడుంటే ఏటి మేస్టారూ," అన్నాడు ఆ చొక్కావాడు. "మా డీజే మాకిచ్చేస్తే సాలు."

ఆ క్షణాన వాడి చొక్కా చింపేయాలనిపించిందట మాష్టారికి. మాకు చెప్పేటప్పుడు కూడా ఆయన గొంతు పెరిగింది. "ఇంగ్లీషు దేశాల నుంచి అన్నీ తెచ్చుకున్నారు వెధవలు! చెప్పుల దాకా తెచ్చుకున్నారు, ఆ చొక్కా మీది మాటకి అర్థం తప్ప!" అన్నారు. తర్వాత మంచినీళ్ళు అడిగి తాగారు.

అప్పుడు ఆడవాళ్ళు కూర్చున్న మూల నుంచి పోలమ్మ లేచింది. అరవై దాటిన మనిషి. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్మేది. చదువు రాదు. కేకు రుచి తెలీదు. ఎగదోపి కట్టిన నేతచీర తప్ప మరొకటి కట్టి ఎరగదు. దానయ్య చెప్పిన ఆ తెగులు తగలని మనిషి ఊళ్ళో ఎవరైనా ఉంటే అది ఆవిడే.

"ఒరే దానయ్యా," అంది. "కేకు నాకొద్దు, నానెప్పుడూ తిన్నేదు. ఆ పెట్టె మాత్తరం నాది."

దానయ్య నవ్వాడు. "నీదెలాగైంది పిన్నీ? తెల్లోళ్ళదది."

"ఎవులు సేసినారో నాకెందుకురా? ఆ పెద్దలు కూకున్నప్పుడు మా ఆడోళ్ళం దూరంగా ఇసకలో నిలబడీవోళ్ళం. సేపలారెయ్యడానికి గచ్చు కావాలని పదేళ్ళు మొత్తుకున్నాం. ఒక్కడూ ఇన్లేదు. ఈ పెట్టొచ్చిన యేడాదే సిమెంటు గచ్చేసినారు. ఎందుకేసినారు? మా మీద పేమా? తాతలు, తాతలంతన్నావు, నీ సేతిలో ఆ మైకు మీ తాతదేటి?"

ఈసారి నవ్వింది ఆడవాళ్ళు. దానయ్య కూర్చోమన్నాడు. ఎదురు మాట్లాడితే రేపటి నుంచి గచ్చు మీద నీ చేపలు ఆరవన్నాడు. పోలమ్మ బల్ల దగ్గరికి నడిచి, ఆ రేకు పెట్టె దింపి, దాని పక్కనే నేల మీద చతికిలబడింది. "తేదీ రాసీవరకూ లెగను" అంది. కాసేపటికి ఇంకొకామె వచ్చి కూర్చుంది, తర్వాత మరో ఇద్దరు. మధ్యాహ్నం అయ్యేసరికి గదిలో కాలు పెట్టే చోటు లేదు. పొద్దున్నే పడవల్లోంచి దిగిన పచ్చిచేపలు గంపల్లో అలాగే ఉండిపోయి వాసన వేశాయి. పోలమ్మ గంప కూడా వాటిలోనే ఉంది. ఆవిడ అటు చూసింది గానీ లేవలేదు. చివరికి ఆకలికి తాళలేక ముసలివాళ్ళే దానయ్యను కసిరారు. మాష్టారు తేదీ రాసుకున్నారు.

ఎన్నిక జరిగింది. మాష్టారే చీటీలు విప్పి లెక్కపెట్టారు. దానయ్య నలభై ఓట్ల తేడాతో గెలిచాడు. జాతరలో రెండు రోజులు డీజే పెట్టుకోనిస్తానని కుర్రాళ్ళకి ఎన్నికకు ముందురోజు మాటిచ్చాడట. కుర్రాళ్ళు అతన్ని భుజాల మీద ఎక్కించుకుని ఊరేగించారు. పంచె చెదిరిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి ఊపాడు దానయ్య.

మాష్టారికి విసుగు తలకెక్కింది. తిన్నగా గచ్చు దగ్గరికి వెళ్ళారు. పోలమ్మ వంగి చేపలు తిరగేస్తోంది.

"ఇందుకేనా పోలమ్మా? గంపెడు చేపలు పాడుచేసుకుని ఆ పెట్టె పక్కన కూర్చున్నది వీడిని మళ్ళీ నెత్తినెక్కించుకోడానికా?"

"గెలిస్తే గెలిసినాడు మేస్టారూ." ఆవిడ నడుం నిటారు చేసుకుంది. "మొన్న మా గుమ్మం కాడికొచ్చినాడు. సేతులు జోడించి పిన్నీ అన్నాడు. అరగంట ఎండలో నిలబెట్టినాను. గచ్చు మీద నా జాగా నాదేనని ఈదిలో అందరూ ఇనీలాగ అనిపించినాను. అప్పుడు ఎళ్ళమన్నాను."

"మరి ఓటు వాడికే వేశావా?"

పోలమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. పాఠం అప్పజెప్పలేని పిల్లాణ్ణి చూసినట్టు చూసిందట.

"అది నీకు సెప్తానేటి మేస్టారూ?" అని మళ్ళీ చేపల మీదికి వంగింది.

మాష్టారు చెప్పడం ఆపేశారు. తారకేశం కాగితం మీద ఏదో రాసుకుని, కొట్టేసి, తల ఎత్తాడు.

"అయితే మాష్టారూ, మొత్తం మీద చూస్తే పాశ్చాత్య సంస్కృతి ప్రజాస్వామ్యానికి అనుకూలమనా, ప్రతికూలమనా మీ అభిప్రాయం?"

మాష్టారు మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

"అధ్యక్షుణ్ణి అరగంట ఎండలో నిలబెట్టిందయ్యా ఆవిడ," అన్నారు. "నువ్వింకా బట్టల దగ్గరే ఉన్నావు."