మోటారు పక్కన పడక కుర్చీ

గోగునార మిల్లు దొరగారికి ఫ్యూజు పోయిందన్న మాట వింటే ఒళ్లు మండేది. ఫ్యూజు తీగ మోటారు మొదలయ్యేటప్పుడు లాగే కరెంటుకి తట్టుకోవాలి, నార ఇరుక్కుంటే మాత్రం తెగిపోవాలి. ఆ లెక్క చూసి కట్టేవాడు కరెంటు మేస్త్రి అసిరయ్య. తీగే ఉండాలని అతనెంత చెప్పినా దొర వినలేదు. పదకొండు మోటార్లకీ తీగలు పీకించి, చిటికెనవేలంత రాగి కడ్డీలు బిగింపించాడు.

నెల తిరక్కుండా మొదటి మోటారులో నార ఇరుక్కుంది. కడ్డీ తెగలేదు. మోటారు అంటుకుని, పక్కన పనిచేస్తున్న కూలీ సూరప్పడు కాలి చచ్చిపోయాడు. అతని పెళ్లాం ఇంకా గేటు దగ్గరే కూర్చుంటోంది.

కొత్త మోటారు వచ్చింది. "దీనికీ కడ్డీయే వెయ్యి. ప్రతిసారీ అలా అవుతుందేంట్రా?" అన్నాడు దొర.

"చిత్తం బాబూ," అని అసిరయ్య ఆఫీసులోంచి దొరగారి పడక కుర్చీ మోసుకొచ్చి, సూరప్పడు నిలబడే చోట వేశాడు.

"నా కుర్చీ ఇక్కడెందుకు?"

"నార ఇరుక్కుంటే ఏదో ఒకటి కాలాలి బాబూ. తీగుంటే తీగ కాలుతుంది. కడ్డీ వేస్తే పక్కనున్న మనిషి కాలుతాడు. కాదు, ఏమీ అవదంటారా, కూకోండి. మోటారు గాలి కూడా బాగా తగులుతుంది."

దొర మసిబారిన గోడకేసి చూశాడు. కూర్చోలేదు.

"సరే, దీనికి తీగే కట్టు."

"మిగతా పదింటికో బాబూ?"

"వాటి పక్కన నా కుర్చీ లేదుగా!"

చుట్టూ ఉన్న కూలీలు తలలు దించుకున్నారు. అసిరయ్య కుర్చీ నెత్తికెత్తుకుని రెండో మోటారు దగ్గరికి నడిచాడు.