గడ్డివామి మీద సమాచార కేంద్రం

పొగళ్ళదిన్నెలో బుర్రంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని సాంబయ్య గట్టి నమ్మకం. తమ్ముడు కోటిలింగానికి ఇంకా గట్టి నమ్మకం, ఎందుకంటే చెప్పింది అన్న.

ఆ ఊళ్ళో ఫోన్లకి సిగ్నల్ అందదు. వాన కబురు కావాలన్నా, మిర్చి ధర తెలియాలన్నా పట్నం పోవాల్సిందే. అందుకని అన్నదమ్ములు మూడు రోజులు శిక్షణ తీసుకుని, ఒక ఫోను కొనుక్కొచ్చి సమాచార కేంద్రం పెట్టారు. కబురుకి గుప్పెడు మిరపకాయలు రుసుము.

"సిగ్నల్ ఎక్కడ అందితే కేంద్రం అక్కడ పెట్టుకోండి" అని శిక్షణ ఇచ్చినాయన చెప్పాడు. వెతగ్గా వెతగ్గా వాళ్ళ గడ్డివామి కొసన అందింది. అంతే, బల్లా, కుర్చీ, బోర్డూ అన్నీ వామి మీదకి ఎక్కించారు.

ఆయనే ఇంకో మాట కూడా అన్నాడు. "కబురు ఎవరి పేర వస్తే వాళ్ళకే చెప్పండి."

ఒకరోజు మధ్యాహ్నం ఫోను మోగింది. "రైతు కనకారావు గారికి. రెండు గంటల్లో వాన. కల్లంలో మిర్చి మీద పట్టా కప్పండి."

ఆ పొలం చేసేది పేరమ్మ. ఏడాది కష్టమంతా కల్లంలో ఎర్రగా ఆరబోసి ఉంది. కాగితాల్లో మాత్రం పొలం ఆవిడ తమ్ముడు కనకారావు పేర ఉంది. ఆయన ఉండేది పక్క ఊళ్ళో. ఇంకేముంది, అన్నదమ్ములు సైకిలెక్కారు.

దారిలో కల్లం దగ్గర పేరమ్మ అడ్డుపడింది. "ఒరే సాంబా, వాన కబురేమైనా వచ్చిందంట్రా?"

"వచ్చిందత్తా. నీక్కాదు" అన్నాడు సాంబయ్య.

"మరి ఎవరికిరా?"

"అది చెబితే నీకు చెప్పినట్టేగా" అన్నాడు కోటిలింగం. అన్న గర్వంగా తమ్ముడి భుజం తట్టాడు.

కనకారావు కబురు వినీ వినగానే తల పట్టుకున్నాడు. "మా అక్క ముందునుంచేగా వచ్చారు. పోయి ఆవిడకి చెప్పండయ్యా" అన్నాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి వాన మొదలైంది. పేరమ్మ మబ్బు చూసి ఒక్కతే పట్టా లాక్కుంటూ కప్పుకుంది. చివరి కుప్ప మాత్రం తడిసిపోయింది.

"రెండు గంటల్లో వాన పడుతుందంట అత్తా" అన్నాడు సాంబయ్య, నెత్తిన నీళ్ళు తుడుచుకుంటూ.

పేరమ్మ తిట్టలేదు. తడిసిన కాయలు గుప్పెడు తీసి అతని చేతిలో పెట్టింది. "ఇదిగో నీ రుసుము. ఇకనుంచి వాన కబురొస్తే ముందు నాకు చెప్పు. నాకు చెప్పాకే ఇంకెవరికైనా. ఒట్టెయ్యి."

సాంబయ్య ఒట్టేశాడు. ఇచ్చిన మాట తప్పకూడదనే నీతి అతనికి మెండు. ఎందుకిచ్చామో ఆలోచించే అలవాటే లేదు.

వారం తిరక్కుండా ఫోను మళ్ళీ మోగింది. "రైతు సాంబయ్య గారికి. గంటలో పెద్ద వాన." సాంబయ్య పేరమ్మ ఇంటికి పరుగెత్తాడు. తలుపుకి తాళం. తమ్ముడి కూతురి నిశ్చితార్థానికి పట్నం వెళ్ళింది, రేపటికిగాని రాదు.

అప్పటికే మబ్బు నల్లగా దిగింది. ఊళ్ళోవాళ్ళు ఆకాశం చూసి ఎవరి మిర్చి వాళ్ళు కప్పుకున్నారు. సాంబయ్య మిర్చి మాత్రం కల్లంలో తెరిచే ఉంది. భార్య రత్తమ్మ పట్టా ఎత్తుకొచ్చింది. సాంబయ్య దాన్ని లాక్కుని చంకన పెట్టుకున్నాడు.

"ఏమయ్యా, కప్పనీవేం? ఫోనులో ఏమన్నా వచ్చిందా?"

"పేరమ్మత్తకి చెప్పకుండా నీకెలా చెబుతానే?"

"నాకు చెప్పొద్దులే. నీకు తెలుసుగా, నువ్వు కప్పు."

"నేను కప్పితే నీకు తెలిసిపోదూ?"

టపటపమని చినుకులు పడ్డాయి. మిర్చి కుప్ప కింద నుంచి ఎర్రటి నీళ్ళు కాలవ కట్టాయి. రత్తమ్మ చెయ్యి చాపి వాన చూపించింది.

"అది నేను చెప్పలేదు" అన్నాడు సాంబయ్య తృప్తిగా. "నీ అంతట నువ్వే తెలుసుకున్నావు. తమ్ముడూ, ఇలా రారా, పట్టా తడిసిపోతోంది, పోయి ఇంట్లో పెట్టు."